క్రైస్తవ గృహమున తండ్రి ధర్మము

(సంఘ వార్షిక మహాసభయందు చదువబడిన యుపన్యాసము)



ఆహ్వాన సంఘమువారు మాకీ విషయమును నిర్ణయించి తెలిపినప్పుడు మేము కొంత సంకోచించితిమి. మన మహాసభలయందు విద్యను గూర్చియు, ఉద్యోగములను గూర్చియు, వసతిగృహ నిధిని గూర్చియు, ప్రభుత్వమువారికి బంపవలసిన విన్నపములను గూర్చియు నుపన్యాసములు జరుగుట వాడుక. తండ్రి తన యింట నెట్లు మెలగవలెనను సంగతి సభకు రాదగినది కాదనియు, అది గడప లోపలి మాట యనియు పలువురి తలంపు. అయినను ఈ పందిటిలో నొక్కమారు కలయజూడుడు. ముందు వరుసలలో గూర్చున్నవారు తండ్రులు. చంటిబిడ్డల నెత్తుకొని రాటల చాటున నిలిచి, బిడ్డ యేడ్చినప్పుడెల్ల వెలుపలికి బోయి వచ్చుచున్నవారు తల్లులు. మా యుపన్యాసమునకు ఇంతకంటె వేఱు పీఠిక యక్కఱలేదు.

మన కులమున క్రైస్తవ కుటుంబములును హిందూ కుటుంబములును గలవు. ఒక తాతకు మనుమలై యుండి ఒకరు మందిరమునకును మఱియొకరు రామాలయమునకును బోవువారున్నారు. పెండ్లికిని చావునకును అందఱు నొక పంక్తిని గూర్చుందురు. మేము క్రైస్తవులము గావున మే మెఱిగిన గ్రంథమునుండియు, మే మెఱిగిన గృహములనుండియు మాటలాడెదము. తక్కిన సోదరులు తమ యిండ్లకు బనికివచ్చినది గ్రహించి తక్కినది విడిచిపెట్టుదురు గాక.

క్రైస్తవులు దేవుని దండ్రి యని పిలుతురు. ప్రభువు శిష్యులకు నేర్పిన ప్రార్థన యా పిలుపుతోనే మొదలగును. మన పసివాండ్రు మాటలు వచ్చినతోడనే నేర్చుకొనునదియు నా ప్రార్థనయే. బిడ్డ యా మాటను బలుకునప్పుడు దాని యర్థము వాని కెచ్చటినుండి వచ్చును? బోధకుని వ్యాఖ్యానము చెవి కెక్కుటకు బదేండ్లు పట్టును. అంతవఱకు ఇంటనున్న తండ్రియే యా మాటకు నిఘంటువు. సాయంకాలము వీధి మలుపున నాయన కనబడగానే, ఆతని నడక తిన్నగా నున్నదా, తూలుచున్నదా యని మొట్టమొదట జూచు బిడ్డలు మన పేటలలో గలరు. తిన్నగా నున్నచో పరుగెత్తి చేతిసంచి నందుకొందురు. తూలుచున్నచో పుస్తకములు మూసి, పెరటిదారిని బోయి, నాయనమ్మ మంచము చాటున జేరుదురు. అట్టి బిడ్డను ఆదివారపు బడిలో నిలువబెట్టి, దేవుడు నీకు తండ్రి యని చెప్పినచో వాడేమి తలంచును? దేవుని గూడ నడక జూచియే సమీపింపవలె గాబోలునని తలంచును. ఆ తలంపు వాని మనస్సున బాతుకొన్న పిమ్మట నెన్ని ప్రసంగములు విన్నను పెకలింపబడుట దుర్లభము. ఏబదియేండ్లు వచ్చి, తామే తాతలై యుండియు, దేవుడనగానే శిక్షించువాడు తప్ప వేఱొక రూపము స్ఫురింపనివారిని మే మెఱుగుదుము. వారిని విచారించిన, ఆ భయము మందిరమున బుట్టినది కాదు, ఇంటనే పుట్టినది.

కావున తండ్రి ధర్మము కూడు గుడ్డ లిచ్చుటతో దీరునది కాదని మా మనవి. అవి యీయవలసినవే. ఈయనివానిని అవిశ్వాసికంటె గడవానిగా నపొస్తలుడు లెక్కించెను. కాని క్రైస్తవ గృహమున తండ్రి తనకు దాను పెద్ద కాడు. తానును ఒక తండ్రికి బిడ్డయే, తన యధికార మాయన యప్పగించినదే. ఎవని చేతిలోనిదో యొకటి మన కప్పగింపబడినప్పుడు దానిని మన యిష్టము వచ్చినట్లు వాడము గదా. ఈ యొక్క సంగతి తండ్రి మనస్సున నాటుకొన్నచో, కొట్టుటకెత్తిన చేయి సగములో నాగును.

పౌలు ఎఫెసునకును కొలొస్సయికిని లేఖలు వ్రాసిన కాలమున నా పట్టణములు రోమా ప్రభుత్వము క్రింద నుండెను. రోమా ధర్మశాస్త్రము తండ్రికి బిడ్డల ప్రాణములపై గూడ నధికార మిచ్చెను. పుట్టిన శిశువును బెంచుటయా, వెలుపల బాఱవేయించుటయా యనునది యాతని యిష్టము. కుమారుడు పెండ్లియాడి బిడ్డలను గన్నను, తండ్రి బ్రతికియున్నంతకాలము సాధారణముగా తన సొంతమని చెప్పుకొనుట కేమియు లేదు. అట్టి లోకములో పౌలు మొదట పిల్లలవైపు దిరిగి, వారినే పేరుపెట్టి పిలిచినట్లు సంబోధించి విధేయత నేర్పెను. పిల్లలు సంఘములో గూర్చుండి వినుచుందురని యాతని యభిప్రాయము. తరువాత తండ్రులవైపు దిరిగి, మీ బిడ్డలను రేపవలదు, కోపము పుట్టింపవలదని చెప్పెను. కొలొస్సయులకు వ్రాసినప్పుడు దానికి గారణమును గూడ జూపెను: అట్లు చేసిన వారి గుండె చెదరునట. తండ్రి మాటచే బిడ్డ గుండె చెదరునని రోమా న్యాయాధిపతి యెవ్వడును లెక్కగట్టలేదు. పౌలు లెక్కగట్టెను.

గుండె చెదరుట యెట్లుండునో చెప్పెదము. పరీక్షలో దప్పిన కుమారుని చుట్టముల యెదుట, నీ పెదతండ్రి కొడుకును జూడుము, వాని కాలిగోటికి జాలవనుట. నల్లనిదని కూతురును పరిహాసమాడుట. ఒక బిడ్డను దగ్గఱ గూర్చుండబెట్టుకొని మఱియొక బిడ్డకు బనులు చెప్పుట. యాకోబు పండ్రెండుగురు కుమారులలో నొక్క యోసేపునకే విచిత్రమైన నిలువుటంగీ కుట్టించెను. ఆ యంగీ మేకపిల్ల రక్తములో ముంచబడి తిరిగి తండ్రి చేతికే వచ్చెను. అన్నలు చేసినది ఘోరమే. కాని యా ఘోరమునకు నూలు వడకినవాడు తండ్రియే యని చదివినప్పుడెల్ల మాకు దోచును.

ఇక దావీదు సంగతి. ఈ కథను మన తండ్రులు మెల్లగా జదువవలెనని మా కోరిక. దావీదు గొప్ప రాజు, గొప్ప భక్తుడు, వీణ వాయించినవాడు. ఆతని కుమారుడగు అబ్షాలోము తన చెల్లెలికి జరిగిన యవమానమునకు బ్రతిగా అన్నయగు అమ్నోనును జంపించి గెషూరునకు బాఱిపోయి మూడేండ్లుండెను. తండ్రి ప్రాణము కుమారునిపై గొట్టుకొనుచునే యుండెను. సేనాధిపతియగు యోవాబు అది కనిపెట్టి, ఉపాయముచే రాజు నొప్పించి యా పిల్లవానిని యెరూషలేమునకు దీసికొనివచ్చెను. అప్పుడు రాజేమి చేసెను? వాడు తన యింట నుండవచ్చును గాని నా ముఖము చూడరాదనెను. ఒకే పట్టణము, బహుశః ఒకే సంతవీధి. రెండు నిండు సంవత్సరములు తండ్రి కుమారుని ముఖము చూడలేదు, కుమారుడు తండ్రి ముఖము చూడలేదు. అబ్షాలోము యోవాబునకు గబురంపెను, ఆతడు రాలేదు. మఱల నంపెను, రాలేదు. అప్పుడు యోవాబుని యవలచేనికి నిప్పు పెట్టించెను. చేను తగులబడిన తరువాత గాని యా సేనాధిపతి వాని గుమ్మము ద్రొక్కలేదు. తండ్రిని జూచుట కొక కుమారుడు ఒకని పంట గాల్చవలసివచ్చినది! మన పిల్లలు చేయు ననేక దుండగములు ఈ యవలచేని మంటలే యని మేము నమ్ముచున్నాము. బడి యెగగొట్టుటయు, దొంగతనముగా మోటారుసైకిలు నడుపుటయు, తినకుండ బండుకొనుటయు, నాయనా, నా ముఖము చూడుము అని పెట్టు కేకలే. మనము చేని నష్టమును గూర్చి తగవు దీర్చుదుము. కేకను వినము.

తుదకు రాజు వానిని రప్పించి ముద్దుపెట్టుకొనెను. కాని జరిగినదానిని గూర్చి యా యిరువురును మాటలాడినట్లు గ్రంథములో గానము. ముద్దు కలదు, మాట లేదు. తిరుగుబాటు వచ్చెను, యుద్ధము జరిగెను, కుమారుడు హతుడాయెను. గుమ్మముపై గదిలోనికెక్కుచు నా ముదుసలి రాజు వాని పేరు పదేపదే పిలిచి యేడ్చెను. వానికి మాఱుగా దాను జచ్చిన బాగుండునని యేడ్చెను. ఆ ప్రేమలో లోపము లేదు. అది యొక్క రెండేండ్లు ముందుగా, గుమ్మము క్రింద, మాటల రూపమున రావలసియుండెను. ఇదే దావీదునకు అదోనీయా యను వేఱొక కుమారుడు గలడు. వానిని గూర్చి గ్రంథకర్త యొక చిన్నమాట వ్రాసినాడు: నీ వేల యిట్లు చేసితివని తండ్రి యెన్నడును వానిని నొప్పించి యడుగలేదట. ఒకనికి ముఖము చూపకపోవుట, ఒకని నేమియు నడుగకపోవుట. ఈ రెండును ఒక జాతి తప్పులే. రెండింటను తండ్రి యింట లేడు.

దీని కెదురుగా ప్రభువు చెప్పిన తప్పిపోయిన కుమారుని కథలోని తండ్రిని బెట్టి చూడుడు. చిన్నవాడు దూరముగా నున్నప్పుడే యాతడు పరుగెత్తెను. ఇది యందఱు నెఱిగినదే. పెద్దకుమారుడు అలిగి లోపలికి రాననినప్పుడును ఆ తండ్రి విందు విడిచి వెలుపలికి వచ్చి బ్రతిమాలెను. రెండుమార్లు గడప దాటెను. తప్పు చేసినవాని కొఱకును, తప్పు చేయలేదని గర్వించినవాని కొఱకును. మన యిండ్లలో జెడిపోయిన బిడ్డకొఱకు ఏడ్చు తండ్రులు గలరు. బుద్ధిమంతుడై నోరు మూసికొని చాకిరి చేయు పెద్దకొడుకు మనస్సులో నేమున్నదో యని వెలుపలికి వచ్చి యడుగు తండ్రులు మాత్ర మరుదు.

కుటుంబ ప్రార్థనను గూర్చి రెండు మాటలు. మన క్రైస్తవ గృహములలో రాత్రి భోజనమునకు ముందో తరువాతనో కీర్తన పాడి, వాక్యము చదివి ప్రార్థించు నాచారము కలదు. ఇది మంచి యాచారము. కాని యది చెడుటకు గల మార్గములలో ముఖ్యమైన దొకటి చెప్పెదము, మీరు నవ్వినను సరే. కొందఱు తండ్రులు పగలు తిట్టుటకు వీలుగాని తిట్లన్నియు దాచియుంచి ప్రార్థనలో దేవుని మీదుగా దిట్టుదురు. ప్రభువా, చదువు మాని సినిమాలకు దిరుగు నీ సేవకునకు బుద్ధి నిమ్ము. ప్రభువా, అత్తమాట లెక్కచేయని నీ దాసురాలిని దిద్దుము. కన్నులు మూసికొనియున్న పిల్లవాడు జవాబు చెప్పజాలడు. దేవుడు కూడ మా నాయన పక్షమువాడే యని నిశ్చయించుకొనును. అట్టి ప్రార్థన మానుటయే మేలు. తండ్రి మోకరించినప్పుడు తన యక్కఱను, తన బలహీనతను జెప్పుకొనవలెను. నేడు అంగడిలో నాకు గోపము వచ్చినది, అప్పు తీర్చు దారి తోచకున్నది, నాకు ధైర్యమిమ్మని బిడ్డలు వినునట్లు చెప్పుకొన్నచో వారికి రెండు సంగతులు దెలియును. నాయనకు గూడ భయము గలదు. నాయన పోయి చెప్పుకొనుట కొకడు గలడు. పది నిమిషములు చాలును. వాక్యము పిల్లలచే జదివింపవలెను. తప్పు చదివిన నవ్వరాదు. తల్లి ప్రార్థించునప్పుడు తండ్రి ఫోను చూడరాదు.

యోబు తన బిడ్డలు విందులు చేసికొను దినములు గడచినప్పుడెల్ల వేకువనే లేచి, వారిలో నెవరైన మనస్సున దేవుని దూషించిరేమో యని యొక్కొక్కరి నిమిత్తము బలి యర్పించెడివాడు. వారిని నిలదీయలేదు, విందులు మాన్పలేదు. వారి పక్షమున దాను లేచినాడు. పెద్దవారై వేఱు కాపురములు పెట్టిన బిడ్డలకు తండ్రి చేయగలది తఱచు నింతమాత్రమే. అది తక్కువది కాదు.

ద్వితీయోపదేశ కాండమున దేవుని మాటలను బిడ్డలకు నేర్పవలసిన వేళలు చెప్పబడినవి: ఇంట గూర్చున్నప్పుడు, త్రోవను నడచునప్పుడు, పండుకొనునప్పుడు, లేచునప్పుడు. ఇందులో బలకయు బెత్తమును లేవు. అన్నియు గలసియుండు వేళలే. కావున కలసియుండుట లేనిచోట నీ విధి నెఱవేఱుట యెట్లు? మనవారిలో బలువురు తండ్రులు నెలల తరబడి హైదరాబాదుననో బెంగుళూరుననో పనులలో నుందురు. వారి నేమని నిందింపగలము? కడుపు నింపుటకే పోయిరి. ఫోనులో ముఖము చూపి మాటలాడు సాధన మున్నది గదా. కాని యా మాటలలో డబ్బు చేరినదా, మార్కులెన్ని యను రెండు ప్రశ్నలే యుండిన, బిడ్డకు నాయన యొక గుమాస్తావలె దోచును. నేడు నిన్నెవరు నవ్వించిరి అని యడిగిన దోషము లేదు.

దీనికి విపర్యయమును గలదు. గోదావరి జిల్లాలనుండియు కడప ప్రాంతమునుండియు నింటిపనికై కువైటు మొదలగు దేశములకు బోయిన తల్లు లెందఱో యున్నారు. వారి యిండ్లలో తండ్రియే పొయ్యి ముట్టించును, తండ్రియే జడ వేయును. అట్టి యొక తండ్రి ప్రాతఃకాలమున నరుగుపై గూర్చుండి, దువ్వెన నోట గఱచుకొని, మూడు పాయలను పొరబాటుపడుచు నల్లుచుండగా మేము చూచితిమి. ఆ చిన్నది కదలక మెదలక, అద్దములో నాయన మొగము జూచి ముసిముసి నవ్వులు నవ్వుచుండెను. వీధిని బోవు మగవారు కొందఱు వానిని బరిహసించిరి. మా దృష్టికి నా యూర నంతకంటె గౌరవనీయమైన పని యా పూట జరిగియుండదు.

భార్యమాట వినుటకు సిగ్గుపడువారు మనోహ కథ చదువవలెను. సమ్సోను పుట్టబోవునని దేవదూత మొదట వాని తల్లికే కనబడి చెప్పెను. మనోహ యామెను శంకింపలేదు. బిడ్డను మే మెట్లు పెంచవలెనో మరల వచ్చి నేర్పుమని ప్రార్థించెను. దూత రెండవమారు గూడ నామెకే కనబడెను. ఆమె పరుగెత్తి వచ్చి చెప్పగా మనోహ లేచి భార్య వెంట నడచెను. పుట్టని బిడ్డను బెంచుట యెట్లని యడిగిన తండ్రి గ్రంథమంతటను అతడొక్కడే యని మా జ్ఞాపకము. దేవుని జూచితిమి గాన చత్తుమని యాతడు బెదరినప్పుడు, చంపదలచినవాడు మన బలి నంగీకరించునా యని తర్కించి ధైర్యము చెప్పినదియు నా యిల్లాలే.

మన పెద్దలను దలచుకొందము. 1866లో ఒంగోలు ప్రాంతమున ఎఱ్ఱగుంట్ల పేరయ్య భార్యయగు నాగమ్మతో గూడ బాప్తిస్మము పొందెను. ఆ యేడే క్లౌ దొరగారు ఒంగోలు చేరిరి. విశ్వాసులైనవారు ఆదివారమున బని చేయరాదు, చచ్చిన పశువుల మాంసము తినరాదు, విగ్రహములను బూజింపరాదు. ఇవి యప్పటి నియమములు. వినుట కివి చిన్నవే. కాని గ్రామమున మోతుబరులకు గట్టుబడి బ్రదుకు కుటుంబమున కా మొదటి రెండును కూటికి ముప్పు తెచ్చునవి. తరువాత 1876 మొదలు 1878 వఱకు గొప్ప కరవు వచ్చెను. క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకమును గుత్తకు దీసికొని వేలకొలది జనులకు గూలి కల్పించిరి. అన్నము కొఱకు మతము పుచ్చుకొనిరను మాట రాకుండుటకై యా కరవు పని సాగుచున్నంతకాలము బాప్తిస్మము లీయలేదు. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున నొక్క దినముననే 2222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో తండ్రులెందఱు, తల్లులెందఱు, చంకబిడ్డలతో వచ్చినవారెందఱు! అక్షరము రానివారు. తమ కేమి వచ్చునో యెఱుగక, తమ బిడ్డలు తలయెత్తి నడతురను నాసతో నీటిలోనికి దిగిరి. నేడీ పందిటిలో బట్టభద్రులై కూర్చున్న కొందఱి ముత్తాతలు వారే.

దోర్నకలు బిషప్పుగా 1912 మొదలు 1945 వఱకు సేవ చేసిన అజరయ్యగారు పల్లెలను బట్టి పీడించు నాలుగు దయ్యములను జెప్పుచుండెడివారు: మురికి, రోగము, అప్పు, త్రాగుడు. ఆయన తిరునెల్వేలి వారైనను మన పల్లెల మర్మ మెఱిగిరి. ఇందులో చివరి రెండును తండ్రి చేతిమీదుగానే యింట బ్రవేశించునని వేఱుగ జెప్ప నక్కఱలేదు.

ఇప్పుడు చెప్పబోవునది కొందఱికి నొప్పి కలిగింపవచ్చును. బిడ్డను బడిలో జేర్చునప్పుడు తండ్రి యొక పత్రము నింపవలెను. అందు మతమను గడి యొకటి, కులమను గడి యొకటి యుండును. 1950 నాటి రాష్ట్రపతి యుత్తర్వు షెడ్యూల్డు కులముల గుర్తింపును హిందువులకు బరిమితము చేసెను. తరువాత 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను జేర్చిరి. క్రైస్తవులను జేర్చలేదు. ఆంధ్రదేశమున క్రైస్తవులైన షెడ్యూల్డు కులములవారు వెనుకబడిన తరగతులలోని సి వర్గమున లెక్కింపబడుచున్నారు. అంటరానితనము మతము నడిగి యంటుట లేదు, విడుట లేదు. కాని ఉత్తర్వు మతము నడుగుచున్నది. ఈ న్యాయాన్యాయములను గూర్చి మన సంఘము వేఱుగ దీర్మానింపవలసినదే. మేము తండ్రిని గూర్చి మాత్రము మాటలాడుచున్నాము. రాత్రి మోకరించి సత్యము బలుకుమని నేర్పిన చేతితోనే ఉదయమున నా గడిని నింపవలసిన తండ్రి బాధ మాకు దెలియును. ఒక వ్రాతచే బిడ్డకు జదువు దక్కును, ఒక వ్రాతచే మాట దక్కును. ఏ వ్రాత వ్రాసినను వానిని దూషించుట కీ వేదికపై మాకు నధికారము లేదు. ఒక్కటి కోరుచున్నాము. బిడ్డకు బుద్ధి తెలిసినప్పుడు, ఎవరో యెగతాళి చేసి చెప్పుటకు ముందుగా, తండ్రియే కూర్చుండబెట్టుకొని, ఇది వ్రాసితిని, ఇందువలన వ్రాసితిని, దీనివలన నాకింత బాధ కలదు అని చెప్పవలెను. దాచిన సంగతి యవలచేనివలె నొకనాడు మండును.

తుదకు కూతుండ్ర విషయము. దీనికొఱకే మేమింతదూరము వచ్చితిమి.

క్రైస్తవుల కన్వయించు 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము, వీలునామా వ్రాయక మరణించిన తండ్రి యాస్తిలో మూడవవంతు భార్యకును, మిగిలినది బిడ్డలకు సమముగాను జెందును. కుమారుడు, కుమార్తె యను భేద మందు లేదు. ఇది నిన్నమొన్నటిది కాదు, వందేండ్ల చట్టము. మన క్రైస్తవ గృహములలో నెన్నింట నిది జరుగుచున్నది? తండ్రి పోయిన పెద్దదినము నాడే కూతుండ్రను గూర్చుండబెట్టి, హక్కు వదలుకొన్నట్లు సంతకములు పెట్టించుకొనుట మాత్రము చక్కగ జరుగుచున్నది. కట్నమిచ్చితిమి గదా, ఇక వాటా యేమిటి యందురు. కట్నము పుచ్చుకొనుటయు నిచ్చుటయు 1961 చట్టముచే నేరములు. నేరముగా నిచ్చినదానిని జూపి న్యాయముగా నీయవలసినది యెగవేయుట యెక్కడి లెక్క? పైగా కట్నము వరుని యింటి గోడలలో గలసిపోవును. వాటా యామె పేరిట నుండును. భర్త గతించినను, వెళ్లగొట్టినను, ఆమె నిలువ నొక చోటు మిగులును.

సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు, మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా యనువారు, మోషే యెదుటను ప్రధానుల యెదుటను నిలిచి, కుమారులు లేనంతమాత్రమున మా తండ్రి పేరు వంశములోనుండి తొలగనేల యని యడిగిరి. దేవుడు వారి మాట యుక్తమని తీర్పు చెప్పెను. సోదరులు లేనివారి సంగతి యట్లుండ, సోదరులున్న చోటను దారి చూపినవాడు యోబు. కష్టములు తీరిన తరువాత యోబునకు నేడ్గురు కుమారులును ముగ్గురు కుమార్తెలును గలిగిరి. కుమారుల పేర్లు గ్రంథమున వ్రాయబడలేదు. యెమీమా, కెజీయా, కెరెంహప్పుకు అని కుమార్తెల పేర్లే వ్రాయబడినవి. ఆ తండ్రి వారికి వారి యన్నదమ్ములతో గూడ స్వాస్థ్యము నిచ్చెను. అడుగకయే యిచ్చెను. వేకువనే లేచి బిడ్డల కొఱకు బలు లర్పించిన యా తండ్రియే యీ తండ్రి. మనము మొదటి యధ్యాయమును చదివి భక్తియని మెచ్చుకొని, కడపటి యధ్యాయమును దాటిపోవుచున్నాము.

మన దేశముననే యొక తండ్రిని జూపెదము. మహాకవి జాషువగారు 1895లో వినుకొండలో జన్మించిరి. తండ్రియగు వీరయ్యగారు బోధకులు. తల్లి లింగమాంబగారు. ఆ దంపతులు వేర్వేఱు కులములవారగుటచే నా బాలుడు చిన్ననాడే యవమానము నెఱిగెను. అట్టి కవి తాను తండ్రియైనప్పుడేమి చేసెను? 1960లో తన కుమార్తెయగు హేమలతను, నాస్తికులగు గోరాగారి కుమారుడు లవణముగారి కిచ్చి పెండ్లి చేసెను. తరువాతి కాలమున నామె స్టూవర్టుపురమున నేరస్థులను ముద్ర వేయబడిన కుటుంబముల నడుమను, జోగినుల నడుమను సేవ చేసెను. మా నాన్నగారు అను పేరుతో తండ్రిని గూర్చి గ్రంథము వ్రాసెను. క్రైస్తవ తండ్రి నాస్తికుల యింట బిడ్డ నిచ్చుట తగునా యని మాలో వాదించువారున్నారు. వాదింపనిండు. తనకు దగిలిన గాయమును బిడ్డకు బంచిపెట్టక, దానిని తనతోనే నిలిపివేసిన తండ్రిని మే మందు జూచుచున్నాము. ఆస్తి లేని తండ్రియు నీయగల స్వాస్థ్య మదియే.

ఆస్తి యున్న తండ్రులకు మాత్రము మా విన్నప మొకటి. ఈ మహాసభ ముగిసి యిల్లు చేరిన పిమ్మట, ఆరోగ్యముగా నున్నప్పుడే, భార్య యెదుటను బిడ్డలందఱి యెదుటను కూర్చుండి, ఉన్నది యెకరమైనను, రెండు గదుల యిల్లైనను, అప్పైనను, లెక్క చెప్పుడు. కుమారుని కెంతయో కుమార్తె కంతయని వ్రాసి, ఇద్దఱు సాక్షులచే సంతకము చేయించి, అది యున్నచోటు తల్లికి జూపుడు. కుమారులు మొదట మొగము చిట్లించిన, వారితో మాటలాడుడు. దావీదువలె గాక, మీరు బ్రదికి యుండగానే మాటలాడుడు. వీలునామా వ్రాయు పద్ధతిని ఉచితముగా దెలుపుటకు మన కులమున న్యాయవాదులు కొందఱు సమ్మతించియున్నారు. భోజనానంతరము ఈ పందిటి తూర్పుదెస బల్లయొద్ద వారు కూర్చుందురు.